శాంతి సభలో వెనక వరస

అక్టోబరు నెల రెండో శనివారం, మధ్యాహ్నం. సన్నీవేల్, మా వీధికి దగ్గరలోని కమ్యూనిటీ సెంటర్, చిన్న హాలు.

హాజరైనవారు: నేను. నా చెల్లెలి మనవరాలు, మాస్టర్స్ ఆఖరి సెమిస్టరు విద్యార్థిని. రోజూ నాతో పార్కులో నడిచే మిత్రుడు, వరంగల్ వైపు మనిషి, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఇదే సెంటర్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పే టీచరుగారు, ఇజ్రాయెల్‌లోని హైఫాలో పుట్టిన యూదు మహిళ. నేను బీపీ మాత్రలు తెచ్చుకునే మందుల షాపులోని ఫార్మసిస్టు, రమల్లా దగ్గర ఊళ్లో పుట్టిన పాలస్తీనా మనిషి. వెనక వరసలో నల్లటోపీ పెట్టుకున్న ఒక నడివయసు వ్యక్తి, ఎవరో తెలియదు. ఇంకా, కుర్చీలు నిండేంతమంది ఊరివాళ్లు.

పేర్లు కావాలనే రాయలేదు. కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నవాణ్ని. తేదీ, చోటు, ఎవరెవరున్నారు, ఏం జరిగింది అన్న వరసలో తప్ప ఇంకోలా రాయడం నాకు రాదు. పేరు లేని మనిషి నా డైరీలో ఇంతకుముందు లేడు. ఉద్యోగం కూడా ఆడిట్ శాఖలో. ఏ పంచాయతీ ఆఫీసుకో వెళ్లి కూర్చున్నప్పుడు టీ తెచ్చిచ్చిన మనిషి ఎందుకు తెచ్చాడా అని ఆలోచించడం నా పనిలో భాగం. రిటైరై మా అమ్మాయి దగ్గరకు వచ్చి స్థిరపడ్డాక కూడా ఆ బుద్ధి పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు.

ఆ సభకు వెళ్లాలా వద్దా అని వారమంతా తర్జనభర్జన పడ్డాను. చర్చాంశం 'శాంతి సాధ్యమా?'. ఇజ్రాయెల్ వాళ్లకూ పాలస్తీనా వాళ్లకూ మధ్య ఇక ఎప్పటికైనా శాంతి వస్తుందా అని, ఒక టీచరూ ఒక ఫార్మసిస్టూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఊరివాళ్ల ముందు వాదించుకుంటారట. టీచరుగారు క్లాసులో పిలిచారు. తరువాత రెండు రోజులకు మాత్రల సంచీతో పాటు అదే కరపత్రాన్ని ఫార్మసిస్టు నా చేతిలో పెట్టాడు. ఒకరు పిలిస్తే మర్యాదకు పిలిచారనుకోవచ్చు. ఇద్దరూ ఒకదానికే పిలిచేసరికి వెనక ఏదో సంస్థ ఉండే ఉంటుందనుకున్నాను. కరపత్రం వెనక్కి తిప్పి చూశాను. ఎవరి ముద్రా లేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

శనివారం ఉదయం మా మనవరాలు వచ్చింది. శాన్ హోసేలో యూనివర్సిటీ దగ్గర ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటుంది, వారాంతాల్లో మా ఇంటికి వస్తుంది. మా అమ్మాయీ అల్లుడూ ఎవరిదో గృహప్రవేశానికి అల్ఫారెట్టా వెళ్లడంతో ఇంట్లో నేనొక్కణ్నే ఉన్నాను. బల్ల మీది కరపత్రం చూసి "నేనూ వస్తా తాతయ్యా" అంది.

ఆ పిల్ల పరిస్థితి చెప్పాలి. డిసెంబరులో చదువు అయిపోతుంది. శాంటా క్లారాలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోవడానికి అనుమతి కావాలి, దానికి దరఖాస్తు పెట్టింది, ఇంకా రాలేదు. ఈ దేశంలో ఇప్పుడు గాజా గురించి ఏదో అన్నారనో, ఏదో రాశారనో విద్యార్థుల వీసాలు రద్దయిన వార్తలు మేమందరం చదివినవే. మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో పాత పోస్టులు తీసేయండి, పెట్టిన లైకులు కూడా తీసేయండి అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. విజయనగరంలో లెక్చరరుగా ఉన్న వాళ్ల నాన్న, నా మేనల్లుడు, ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "మామయ్యా, అక్కడ దానికి మీరే పెద్ద. ఏ గొడవలోకీ పోనివ్వకండి." పోనివ్వనని మాటిచ్చాను. ఎవరో ఒకరు ఒక్క ఫిర్యాదు పెడితే చాలు, పిల్ల రెండేళ్ల కష్టం, ఉద్యోగం, అన్నీ విమానం ఎక్కి వెనక్కి వెళ్లిపోతాయి.

"రావడం వరకే. నోరు విప్పకూడదు" అన్నాను.

"సరే తాతయ్యా. జస్ట్ వింటా అంతే."

మా మిత్రుడు కారు తెచ్చాడు. దారిలో ఆయనే మొదలుపెట్టాడు.

"అన్నా, మన రెండు రాష్ట్రాలు వేరుపడి ఇన్నేండ్లాయె, నీళ్ల పంచాయితీ ఇంకా తెగలె. వీళ్లది తెగుతదా?"

"దానికీ దీనికీ పోలికేమిటయ్యా? మన ఇళ్ల మీద ఎవరైనా బాంబులు వేశారా?"

"ఎయ్యలే. గందుకే ఒక్క కారుల పక్కపక్కకు కూసొని పోతున్నం."

వెనక సీట్లో పిల్ల నవ్వింది. "అంకుల్, ఈ జోక్ లోపల వెయ్యకండి, ప్లీజ్."

"నాకు ఇంగ్లీషుల జోకులెయ్యరాదు బిడ్డా. నువ్వేం ఫికర్ జెయ్యకు."

మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి ఆయన కారు పార్క్ చేయడానికి వెళ్లాడు. హాల్లో టీచరుగారు నియమాలు చెప్పారు: ఎవరైనా మాట్లాడవచ్చు, రెండు నిమిషాలు మించకూడదు, చప్పట్లు వద్దు, ఫొటోలు వీడియోలు అసలే వద్దు. నేను అవి డైరీలో రాసుకున్నాను. మా మిత్రుడు లోపలికి వచ్చేసరికి నియమాలు చెప్పడం అయిపోయి, సభ మొదలైంది. వచ్చి మాకు ముందు వరసలో, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

అక్కడ జరిగిందంతా ఇంగ్లీషులోనే. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

టీచరుగారు ముందు మాట్లాడారు. "మేం అక్కడి నుంచి ఎక్కడికీ పోం. వాళ్లూ పోరు. ఈ రెండు విషయాలూ ఒప్పుకుంటే శాంతి తప్ప ఇంకో దారి లేదు. రావడం ఆలస్యం కావచ్చు, రాకుండా ఉండదు" అన్నారు. ఆవిడ అన్న కొడుకు అక్టోబరులో ఇజ్రాయెల్ మీద జరిగిన ఆ దాడిలో చనిపోయాడని ఆ రోజే మొదటిసారి విన్నాను. క్లాసులో మా అందరి మనవల సంగతులూ అడిగి చెప్పించుకున్న మనిషి, తన ఇంటి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎందుకు దాచారా అని కూడా అనుకున్నాను. అది నా స్వభావం.

ఫార్మసిస్టు గొంతు తగ్గించి మాట్లాడతాడు, షాపులో మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టే. "శాంతి అన్న మాట రేడియోలో వస్తే మా అమ్మ తలుపు గడియ వేసేది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ మా ఊరి దారిలో ఇంకో చెక్‌పోస్టు వెలిసేది. గాజాలో మా పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ఈవిడ మీద నాకు ద్వేషం లేదు, వారం వారం కలిసి కాఫీ తాగుతాం. కానీ తాళంచెవి ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు, ఇద్దరూ సమానంగా సర్దుకోవాలంటే నేను నమ్మను" అన్నాడు.

"తాళంచెవి ఉన్న చోట కూడా భయం ఉంటుంది" అన్నారు టీచరుగారు.

"ఉంటుంది. కానీ నిద్రపోవడానికి ఇల్లు కూడా ఉంటుంది."

అక్కడి నుంచి హాలు వేడెక్కింది. ఒక పెద్దాయన లేచి "బందీల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?" అని అరిచాడు. "ఆకలితో చచ్చిన పసిపిల్లల గురించి మీరెందుకు మాట్లాడరు?" అని ఇంకో మూల నుంచి ఒకావిడ. "ఇద్దరి గురించీ ఇందాకే మాట్లాడారు, మీరే వినలేదు" అని మధ్యలో ఎవరో. టీచరుగారు పెన్నుతో నీళ్ల గ్లాసు మీద కొట్టారు.

మా మిత్రుడు వెనక్కి వాలి నా చెవిలో అన్నాడు: "అన్నా, ఎనకకు జూడు. నల్లటోపీ. సీఐడీ లెక్క ఉన్నడు."

చూశాను. అందరూ మాట్లాడేవాళ్ల వైపు చూస్తుంటే ఆ మనిషి మోకాలి మీద నిలబెట్టిన ఫోను వైపు చూస్తున్నాడు. రికార్డు చేస్తున్నట్టే ఉంది. చప్పుడు చేయడు, తల ఊపడు, ఎవరి మాటకూ కోపం తెచ్చుకోడు. అంత గొడవలో కోపం రాని మనిషి పని మీద వచ్చినవాడే అయ్యుంటాడు. 'వెనక వరస, నల్లటోపీ, ఎడమచేతిలో ఫోను' అని రాసుకున్నాను.

తల ఎత్తేసరికి మా పిల్ల చెయ్యెత్తి ఉంది. చొక్కా పట్టుకుని లాగాను.

"ఒక్క నిమిషం తాతయ్యా" అని లేచి నిలబడింది.

నేనూ లేచాను. లేచి వెనక్కి తిరిగి, పిల్లకూ ఆ ఫోనుకూ మధ్య నిలబడ్డాను. వేసుకున్న స్వెటర్ గుండీలు విప్పి, రెండు అంచులూ పట్టుకుని, గుడ్డ ఆరేసినట్టు చాపాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు పట్టలేదు. నల్లటోపీ మనిషి కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడ్డాను. అతనూ నన్నే చూశాడు. నా వెనక పిల్ల గొంతు వినబడుతూనే ఉంది. రూమ్మేట్ అంది, ల్యాబ్ అంది, గాజా అంది, భయం అంది. మాటలు నా చెవుల్లో పడ్డాయి కానీ నేను విన్నానని చెప్పలేను. చూపంతా ఆ ఫోను మీదే.

సభ అయ్యాక కాఫీ బల్ల దగ్గర అతని దగ్గరకే వెళ్లాను. పిల్ల నా పక్కనే ఉంది.

"మీరు రికార్డు చేశారు. వద్దని చెప్పారు కదా?"

అతను నన్ను కిందికీ పైకీ చూశాడు. "మా అమ్మ అనుమతితోనే చేశాను" అని టీచరుగారి వైపు చూపించాడు. "తను మాట్లాడేది తర్వాత వినాలనుకుంటుంది. ఎక్కడ గొంతు పెంచిందో చూసుకుంటుంది. మరి మీరు? మీరేం రాశారు?"

"నా డైరీ అది."

"ఎవరైనా మాట్లాడటానికి లేచిన ప్రతిసారీ మీరు తల ఎత్తి మనిషిని చూసి, దించి రాశారు. అందరినీ. నేను చూస్తూనే ఉన్నాను."

అప్పటికి ఫార్మసిస్టూ వచ్చి నిలబడ్డాడు. "ఇది నేనూ ఎప్పటి నుంచో అడగాలనుకుంటున్నాను" అన్నాడు, మెల్లగానే. "నా కౌంటరు దగ్గర నిలబడి కూడా మీరు ఏదో రాసుకుంటారు. ఎవరి కోసం?"

నాకు ఒళ్లు మండింది. "నా కోసమే. కాలేజీ రోజుల నుంచి రాస్తున్నాను. మాత్రలు తెచ్చుకున్న రోజు, తెచ్చుకున్నానని రాస్తాను."

"నేను పుట్టిన చోట సభకు ఎవరెవరు వచ్చారో రాసుకునే మనిషి ఒకడుండేవాడు. అతనూ చాలా మర్యాదస్తుడు."

పేజీ చూపించాను. తెలుగు చూసి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చదివి వినిపించమన్నారు. వినిపించాను: ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ కుర్చీ కాలు ఊగుతోంది, ఎవరు ఏమన్నారు. అందులో నల్లటోపీ సంగతి రాగానే ఆ మనిషి నవ్వాడు. కానీ నేను చదివిందే అక్కడ ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? వాళ్ల ముఖాల్లో అదే ఉంది. నేను వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

"ముందు మీరు వీడియో చెరిపేయండి. పిల్ల భవిష్యత్తు" అన్నాను.

"ముందు మీరు ఆ పేజీ చించండి. అందులో మా అందరి పేర్లూ ఉన్నాయి."

"మీరు ముందు."

"ఎందుకు? మీరు ముందు."

టీచరుగారు చేతిలో కాఫీ కప్పుతో మమ్మల్నే చూస్తున్నారు. మా పిల్ల ముఖం ఎర్రగా అయింది. "తాతయ్యా, ఇది చాలా సిల్లీగా ఉంది" అంది తెలుగులో.

చించాను. ఇన్నేళ్లలో డైరీలో నేను చించిన మొదటి పేజీ అదే. ముక్కలు చేసి కాఫీ కప్పుల బుట్టలో వేశాను. ఇప్పుడు రాస్తున్నదంతా తర్వాత గుర్తుచేసుకుని రాసింది, పేర్లు లేకుండా. అతను ఫోను నా ముందు పెట్టి వీడియో చెరిపాడు.

"తాతయ్యా, రీసెంట్లీ డిలీటెడ్‌లో ఇంకా ఉంటుంది" అంది పిల్ల నెమ్మదిగా.

"అక్కడా చెరపండి" అన్నాను.

చెరిపాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకేమైనా ఉందా సర్?" అన్నాడు. ఉంది కానీ ఏమని అడగాలో నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చి ఉప్మా చేసుకుని తింటుంటే విజయనగరం నుంచి ఫోను. అక్కడ తెల్లవారుతోంది.

"మామయ్యా! ఇదేంటి మామయ్యా? దీని వీడియో నాకొచ్చింది!"

చేతిలో చెంచా అలాగే ఉంది. మొదట ఆ టోపీ మనిషే అనుకున్నాను. చెరిపినట్టు నటించి, ఇంకెక్కడో దాచి, మేం ఇంటికి చేరేలోపే పంపేశాడు. "ఎవరు పంపారురా?"

"మా కొలీగ్ బావమరిదట, అక్కడే ఉంటాడు. వాళ్ల తెలుగు గ్రూపులో వచ్చిందట. 'మీ అమ్మాయే కదా' అని పంపాడు. దాని పేరు, మా ఇంటిపేరు, మన ఊరు, కాలేజీ, ఏ కంపెనీలో జాబ్ వచ్చిందో కూడా రాసుంది మామయ్యా!"

కంపెనీ సంగతి టోపీ మనిషికి తెలియదు. అది తెలిసింది మా ఇంట్లోవాళ్లకీ, ఆ రోజు కారు నడిపిన మనిషికీ మాత్రమే.

మిత్రుడికి ఫోన్ చేశాను. దాచకుండా చెప్పాడు. "అవునన్నా, నేనే పెట్టిన. మన నడక గ్రూపుల, ఇంకో రెండు గ్రూపులల్ల. మనోళ్ల పిల్ల గంతమంది తెల్లోళ్ల ముంగట నిలవడి ఇంగ్లీషుల దంచుతుంటే ఛాతి ఉబ్బిందన్నా. ఎవరి బిడ్డో చెప్పకుంటె మనోళ్లకు ఎట్ల ఎరుకైతది? గందుకే అన్నీ రాసిన. తప్పాయెనా?"

ఆయన్ని ఏమనను? మన సంఘాల్లో పిల్లకు ఏ చిన్న బహుమతి వచ్చినా ఫొటో కింద మనం రాసేది అదే. ఫలానావారి అమ్మాయి, ఫలానా ఊరు, ఫలానా చదువు, ఫలానా ఉద్యోగం. పెళ్లిసంబంధాలకు కూడా పనికొస్తుందని ఏదీ వదలం. నేనూ రాసినవాణ్నే. పోలీసు రిపోర్టుకు కావలసిన వివరాలన్నీ పోలీసు అడగకుండానే మనమే సిద్ధం చేసి పెడతాం.

"వీడియోలు వద్దన్నారు కదయ్యా."

"నేను కారు పెట్టొచ్చేసరికి గదంత అయిపాయె. నాకెవలు జెప్పిన్రు?"

అప్పుడే ఆ వీడియో చూశాను. మా మిత్రుడు ముందు వరస నుంచి తిరిగి తీశాడు. పిల్ల ముఖం స్పష్టంగా ఉంది. నేను ఆమె వెనక, కెమెరాకు వీపు చూపిస్తూ, స్వెటర్ చాపుకుని ఉన్నాను. అసలు ఇబ్బంది అది కాదు. ఫోనులో కెమెరా వెతుక్కునేసరికి పిల్ల సగం మాట్లాడేసింది. మధ్యలో మొదలై, ముగింపుకు ముందే ఆగిపోయింది. అందులో ఉన్నది ఇంతే: గాజాలో పిల్లల్ని చంపడం తప్పు అనడానికి కూడా ఇక్కడ భయంగా ఉందనీ, శాంతి వస్తుందని తనకు నమ్మకం లేదనీ.

"ముందు టీచరుగారి అన్న కొడుకు గురించి చెప్పా తాతయ్యా" అంది పిల్ల. "ఆ దాడి కూడా తప్పేనని చెప్పా. మా రూమ్మేట్‌ది పాలస్తీనాలో నాబ్లుస్, నా ల్యాబ్ పార్ట్‌నర్‌ది ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్, ఇద్దరూ నాకు కావాలని చెప్పా. అయినా ట్రై చెయ్యాలి అని ఎండ్ చేశా. అవేవీ లేవు ఇందులో."

మా మిత్రుడు మూడు గ్రూపుల్లోంచీ వీడియో తీసేశాడు. కానీ తీసేలోపే కింద ఒక వ్యాఖ్య వచ్చి ఉంది: 'ఇలాంటి పిల్లల వల్లే అందరి వీసాలకూ ముప్పు. ఎవరో ఒకరు చెప్పాల్సిన చోట చెప్పాలి.' పేరు లేదు. ప్రొఫైల్ ఫొటోలో వెంకటేశ్వరస్వామి. ఆ నంబరు ఎవరిదని మా మిత్రుడు తెలిసినవాళ్లందరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. గ్రూపులో చేర్చింది ఎవరో కూడా తెలియదు. పార్కులో నాతో నడిచే ఒక్కొక్కరి ముఖమూ కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. నిన్నటిదాకా వాళ్ల మోకాళ్ల నొప్పులతో సహా నాకు తెలియంది లేదనుకున్నాను.

పిల్ల తన సీనియర్ అమ్మాయికి ఫోన్ చేసింది. యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా సలహా ఇచ్చే లాయరు ఉన్నారట, సోమవారం కలవచ్చట. వెళ్లే ముందు ఆ రోజు ఏం మాట్లాడిందో మొత్తం, వీలైతే రికార్డుతో, లేకపోతే విన్నవాళ్ల మాటతో, రాసి పంపమంటారట.

రికార్డు ఉండేది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నల్లటోపీ మనిషి ఫోనులో. దాన్ని నేనే దగ్గరుండి రెండుసార్లు చెరిపించాను. విన్నవాళ్లలో నేనూ ఉన్నాను, కానీ నేను వినలేదు.

చీకటి పడకముందే టీచరుగారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ సాంతం విని, "రేపు పొద్దున మందుల షాపుకి రండి. అతను కూడా విన్నాడు" అన్నారు.

మర్నాడు ఆదివారం. మందుల షాపు తలుపు తీసేసరికే మేం ముగ్గురం అక్కడున్నాం. మా మిత్రుడు కారు నడిపాడు కానీ దారంతా ఒక్క జోకూ వెయ్యలేదు. టీచరుగారు కొడుకుతో వచ్చారు. అతను టోపీ పెట్టుకోలేదు.

మందుల కోసం ఎదురుచూసేవాళ్లు కూర్చునే కుర్చీల్లో కూర్చున్నాం. టీచరుగారు మొదలుపెట్టారు: "ఈ అమ్మాయి ముందు మావాళ్ల చావు గురించి చెప్పింది. రెండు వైపులా జరిగింది తప్పేనంది. చివర ప్రయత్నించాలంది. నాకు బాగా గుర్తు."

కౌంటరు వెనక నుంచి ఫార్మసిస్టు తల అడ్డంగా ఊపాడు. "రెండు వైపులా అని అనలేదు. గాజా పిల్లల గురించి ఎక్కువసేపు చెప్పింది. చెప్పడానికి భయమేస్తోందంది. అదే ముఖ్యమైన మాట."

"అది ఒక్క వాక్యం."

"మీరు విన్నది ఒక్క వాక్యం."

"నేను అక్కడే ఉన్నాను."

"నేనూ అక్కడే ఉన్నాను."

మా పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరువాత ఫోను తీసి, బీపీ చూసుకునే యంత్రం పక్కనున్న స్టూలు మీద కూర్చుని, తను అన్నది తనే టైప్ చేసింది. చదివి వినిపించింది. టీచరుగారు ఒక మాట దగ్గర అభ్యంతరం చెప్పారు. ఫార్మసిస్టు ఇంకో మాట దగ్గర చెప్పాడు. పిల్ల రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. "నేను అన్నది ఇదే" అంది.

"ఇందులో సగంతో నేను ఏకీభవించను" అన్నారు టీచరుగారు. "కానీ అన్నది ఇదే. విన్నానని నా పేరు రాయి." కొడుకు పేరు కూడా రాయమన్నారు. అతను సరేనన్నాడు.

నేను ఫార్మసిస్టు వైపు చూశాను. అతను చేతిలోని మాత్రల సీసా మూత బిగించాడు.

"నా పేరు వద్దు" అన్నాడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది, నా మీద అతనిది ఇంకా పోలేదేమో అని. ముఖంలో కనబడి ఉంటుంది.

"మీ మీద కాదు. నా పేరు చూస్తే ఈ అమ్మాయి కాగితం చదివేవాళ్లు ఇంకోలా చదువుతారు. నా పేరు ఈ పిల్లకు మేలు చెయ్యదు. నాకూ మేలు చెయ్యదు."

టీచరుగారు లేచి కౌంటరు దగ్గరకు వెళ్లారు. తన పేరు మేలు చేస్తుందనీ, అతని పేరు చెయ్యదనీ ఆవిడకు తెలుసు. అందరికీ తెలుసు. వాళ్లిద్దరూ వారం వారం కాఫీ తాగుతారని అతను చెప్పిన మాట నిజమేనా అని సభలో నాకు సందేహం వచ్చింది. ఆవిడ కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డ తీరు చూశాక ఆ సందేహం ఒక్కటీ తీరింది. మిగతావి తీరలేదు.

"మరి మీరు విన్నారని ఏమని రాయను?" అంది పిల్ల.

అతను ఆలోచించాడు. "హాజరైన మరొకరు అని రాయి."

పిల్ల అలాగే రాసింది. ఒకసారి నా వైపు చూసింది. లాయరుకు పంపమనీ వద్దనీ నేను చెప్పలేదు. పంపింది. గుమ్మం దగ్గర మా మిత్రుడు కారు తాళాలు చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. మా వెనక ఎవరో దగ్గారు. ఫార్మసిస్టు కళ్లజోడు సర్దుకుని, వరసలో తరువాతి మనిషిని పిలిచాడు.